సర్వర్ గది సందేహాలు: పడిపోనిదా, మారనిదా?

ఈ నెల చెన్నై నుంచి, శివార్ల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం అడిగాయి: సర్వర్లకు ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కువ స్థిరమైనది? అందుకని ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ విషయానికే కేటాయిస్తున్నాను. అంబత్తూరు పాఠకుడి ఉత్తరంలో మిగతావారి సందేహాలు కూడా కొన్ని కలిసివచ్చాయి గనుక దానికి జవాబు కాస్త పొడుగైంది.

ప్రశ్న: అంబత్తూరు పారిశ్రామిక వాడలో వాహనాల విడిభాగాలు తయారుచేసే ఒక కర్మాగారంలో కంప్యూటర్ల నిర్వహణ చూస్తున్నాను. మాకు ఏడు సర్వర్లు ఉన్నాయి. రెండింటిలో విండోస్ సర్వర్ 2016 ఉంది. ఒకటి అందరి లాగిన్లను ధ్రువీకరించే డొమైన్ కంట్రోలర్, రెండోదానిలో లెక్కల ప్రోగ్రాము టాలీ నడుస్తుంది. నాలుగింటిలో లినక్స్ రకమైన సెంటోస్ 7 ఉంది. నాకంటే ముందు పనిచేసినాయన ఫైళ్ళ నిల్వ కోసం ఏడోదానిలో యునిక్స్ వంశానికి చెందిన ఫ్రీబీఎస్‌డీ పెట్టి వెళ్ళిపోయారు, దాని జోలికి ఎవరమూ పోము. ఇప్పుడు యాజమాన్యం "అన్నింటికన్నా స్థిరమైనది ఏదో తేల్చండి, ఏడింటినీ దానికే మార్చేద్దాం" అంటోంది. లినక్స్ ఎప్పుడూ కూలదని ఒక మిత్రుడు, ఫ్రీబీఎస్‌డీని మించినది లేదని మరొకరు అంటున్నారు. నేను ఏమని చెప్పాలి?
అంబత్తూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీ యాజమాన్యం వాడిన "స్థిరం" అన్న మాటలో రెండు వేర్వేరు కోరికలు కలిసిపోయి ఉన్నాయి. యంత్రం నడుస్తూ నడుస్తూ కుప్పకూలకూడదన్నది మొదటిది. నిన్న ఎలా పనిచేసిందో ఇవాళా అలాగే పనిచేయాలి, మన ప్రమేయం లేకుండా దాని నడవడిక మారకూడదు అన్నది రెండోది. బయటివారికి మొదటిదే కనిపిస్తుంది. అడ్మినిస్ట్రేటర్ నిద్ర చెడగొట్టేది మాత్రం ఎక్కువసార్లు రెండోదే. ఈ రెండింటినీ విడదీయకుండా ఏ సిస్టమ్ గొప్పదని వాదించుకుంటే ఆ వాదన ఎన్నటికీ తెగదు.

మొదటి కోరిక విషయంలో పాతికేళ్ళ కిందట పోలికకు గట్టి అర్థమే ఉండేది. విండోస్ 95, 98లలో మిల్లీసెకన్లు లెక్కపెట్టే 32 బిట్ల లెక్క 49.7 రోజులకు నిండిపోయి యంత్రం నిలిచిపోయే లోపం ఒకటి ఉండేది. అన్నాళ్ళు ఆగకుండా నడిచిన విండోస్ 98 యంత్రమే అరుదు గనుక ఆ లోపం వల్ల నష్టపోయినవారూ అరుదేనని అప్పట్లో మేము నవ్వుకునేవాళ్ళం. అయితే సర్వర్లకు వాడే విండోస్ ఆ వంశానిది కాదు. అది డెక్ సంస్థలో వీఎంఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ రూపొందించి వచ్చిన డేవ్ కట్లర్ నాయకత్వంలో తయారై 1993లో వెలువడిన విండోస్ ఎన్‌టీ వంశానిది. విండోస్ 98 పాపాలను నేటి విండోస్ సర్వర్ నెత్తిన వేసే అలవాటు మన వృత్తిలో పెద్దవారికి ఇంకా పోలేదు. మీ మొదటి మిత్రుడు కూడా బహుశా ఆ తరానికి చెందినవారే.

ఇవాళ విండోస్ సర్వర్ అయినా, లినక్స్ అయినా, ఫ్రీబీఎస్‌డీ అయినా, తయారీదారు ధ్రువీకరించిన హార్డ్‌వేర్ మీద నడుపుతున్నప్పుడు సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ తనంతట తాను కూలిపోవడం అరుదు. కూలినచోట తవ్వి చూస్తే తరచుగా దొరికేది మనమే పిలిచి కెర్నల్‌లో కూర్చోబెట్టిన ఏదో ఒక డ్రైవర్ (కెర్నల్‌తో కలిసి నడిచే ప్రోగ్రాము), లేదా చెడిపోయిన ర్యామ్, లేదా కరెంటు. 2024 జులై 19న మన గడియారాల్లో ఉదయం 9 గంటల 39 నిమిషాలకు క్రౌడ్‌స్ట్రైక్ భద్రతా సాఫ్ట్‌వేర్ కోసం విడుదలైన ఒక చిన్న సమాచార ఫైలు దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలను నీలి తెర దగ్గర నిలబెట్టింది. మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ రోజు అందరూ విండోస్‌ను తిట్టారు గానీ, పడగొట్టింది కెర్నల్ స్థాయిలో నడిచే బయటివారి డ్రైవర్. లినక్స్‌లో కెర్నల్ మాడ్యూల్‌కు కూడా అంతే అధికారం ఉంటుంది, అది తప్పు చేసినా యంత్రం అలాగే పడిపోతుంది.

లినక్స్ ఎప్పుడూ కూలదన్న మాటకు 2012 జులై 1 ఆదివారం ఒక్కటి చాలు. ఆ రోజు ఉదయం మనకు ఐదున్నర అవుతుండగా ప్రపంచ ప్రామాణిక సమయానికి ఒక లీపు సెకను కలిపారు. లినక్స్ కెర్నల్ టైమర్లలో ఉన్న ఒక లోపం వల్ల ఎన్నో సర్వర్లలో జావా, మైఎస్‌క్యూఎల్ వంటివి ప్రాసెసర్‌ను ఒక్కసారిగా మింగేశాయి. గడియారాన్ని ఉన్న సమయానికే మరోసారి సరిచేస్తే తగ్గిపోయే జబ్బు అది. ఆ సంగతి ఆ పొద్దున తెలిసినవారు ఎంతమంది?

ఇక రెండో కోరిక. సిస్టమ్‌ల మధ్య నిజమైన తేడా ఇక్కడే ఉంది. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్‌లో ఒక ప్రధాన వెర్షన్‌కు పదేళ్ళ మద్దతు ఉంటుంది. ఆ పదేళ్ళూ ముఖ్యమైన లైబ్రరీలు పాత ప్రోగ్రాములతో తెగతెంపులు చేసుకోకుండా చూస్తారు. డెబియన్ స్టేబుల్ సుమారు రెండేళ్ళకోసారి వెలువడుతుంది, దానికి మూడేళ్ళు పూర్తి మద్దతు, ఆపైన రెండేళ్ళు దీర్ఘకాల మద్దతు లభిస్తాయి. ఉబుంటు ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు విడుదల) రెండేళ్ళకోసారి ఏప్రిల్‌లో వస్తుంది, ఐదేళ్ళు నడుస్తుంది, ప్రో చందా తీసుకుంటే పదేళ్ళు. ఉబుంటులో స్నాప్ ప్యాకేజీలు వాటంతట అవే తాజా అవుతాయి గనుక, వాటిని నిలిపి ఉంచే అమరిక చేయకుండా సర్వర్‌లో వాడడం నాకు ఇష్టం ఉండదు. విండోస్ సర్వర్ దీర్ఘకాల విడుదలలకు పదేళ్ళ మద్దతు ఉంది, పాత ప్రోగ్రాములను నడిపించే ఓపికలో దాన్ని మించినది లేదు. ఓపెన్‌బీఎస్‌డీ ఆరు నెలలకోసారి కొత్త విడుదల ఇచ్చి, చివరి రెండింటికే మద్దతు ఇస్తుంది. ఫైర్‌వాల్‌కు అది అద్భుతమే గానీ ఏడాదికోసారి దాన్ని మార్చే క్రమశిక్షణ మీకు ఉండాలి. ఆపిల్ సంగతి అడిగేవారు ఇంకా ఉన్నారు: మ్యాక్‌ఓఎస్ సర్వర్‌ను ఆ సంస్థే 2022 ఏప్రిల్‌లో ఆపేసింది.

ఫ్రీబీఎస్‌డీ గురించి మీ రెండో మిత్రుడు చెప్పినదానిలో నిజం ఉంది. అందులో మూల వ్యవస్థను ఒకే బృందం ఒకే చోట తయారుచేస్తుంది, మనం చేర్చుకునే ప్యాకేజీలు దానికి దూరంగా విడిగా ఉంటాయి, కాబట్టి వెబ్ సర్వర్‌ను మార్చినందువల్ల మూల వ్యవస్థ చెదరదు. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మీద నడుస్తుంటే అప్‌డేట్‌కు ముందు మొత్తం వ్యవస్థకు ఒక బూట్ ఎన్విరాన్‌మెంట్, అంటే తిరిగి బూట్ చేయగల నకలు, తీసి పెట్టుకోవచ్చు. అప్‌డేట్ వికటిస్తే బూట్ మెనూలో పాతదాన్ని ఎంచుకుంటే చాలు, పది నిమిషాల్లో నిన్నటి యంత్రం తిరిగి వస్తుంది. ఎన్నిసార్లు పడ్డదన్న లెక్క కన్నా, పడ్డాక లేవడానికి ఎంతసేపు పట్టిందన్న లెక్క మన పనికి ఎక్కువ దగ్గర.

వీటన్నిటికీ వెలుపల ఇంకొక స్థిరత్వం ఉంది, అది ఇచ్చిన మాట మీద నిలబడడం. రెడ్ హ్యాట్‌కు ఉచిత ప్రతిరూపంగా 2019 సెప్టెంబర్‌లో వెలువడిన సెంటోస్ 8కు 2029 వరకు మద్దతు ఉంటుందని నమ్మి ఎందరో దానికి మారారు. 2020 డిసెంబర్ 8న వచ్చిన ప్రకటన ఆ గడువును 2021 డిసెంబర్ 31కి కుదించింది. కోడ్‌లో కొత్త లోపం ఏదీ పుట్టలేదు, ఒక్క సర్వరూ కూలలేదు, అయినా సర్వర్ గదుల కింద నేల కదిలింది. ఆ ఖాళీలోనే 2021లో అలాంటి ప్రతిరూపాలే అయిన ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ పుట్టాయి.

మీ ఏడు సర్వర్ల విషయానికి వస్తే, అన్నింటినీ ఒకే సిస్టమ్‌కు మార్చవద్దని నా సలహా. టాలీ విండోస్ కోసం తయారైన ప్రోగ్రాము, దాన్ని అక్కడే ఉండనివ్వండి. సెంటోస్ 7కు మద్దతు 2024 జూన్ 30తో ముగిసిపోయింది కాబట్టి ఆ నాలుగూ మీ మొదటి పని. మీ ప్రోగ్రాముల అమ్మకందారులు రెడ్ హ్యాట్ కుటుంబాన్నే గుర్తిస్తారంటే ఆల్మా గానీ రాకీ గానీ తీసుకోండి, అలాంటి నిర్బంధం లేకపోతే డెబియన్ తీసుకోండి. ఉన్న యంత్రాన్ని ఉన్నచోటే పైమెట్టుకు ఎక్కించే సాధనాలు ఉన్నాయి గానీ, పక్కన కొత్త వర్చువల్ యంత్రం నిలబెట్టి, పనిని ఒక్కొక్కటిగా తరలించి, పాతదాన్ని నెల రోజులు ఆపి ఉంచడమే నేను అనుసరించే పద్ధతి. ఫ్రీబీఎస్‌డీ యంత్రంలో ముందుగా వెర్షన్ చూడండి. 12వ వరుసకు మద్దతు 2023 డిసెంబర్ 31తోనే ఆగిపోయింది. మీ కార్యాలయంలో దాన్ని నేర్చుకోవడానికి ఒక్కరైనా సిద్ధంగా ఉంటే ఉంచండి, లేకపోతే అది ఎంత మంచిదైనా తీసేయండి. ఎవరూ తాకడానికి సాహసించని సర్వర్‌ను స్థిరమైన సర్వర్ అనలేము.

అయితే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినది వేరే ఉంది. మీకు ఒకే ఒక డొమైన్ కంట్రోలర్ ఉంది. అది ఒక ఉదయం లేవకపోతే కర్మాగారంలో లాగిన్లు చిక్కుల్లో పడతాయి. విండోస్ సర్వర్ 2016కు మద్దతు గడువు 2027 జనవరి 12. దానికోసం ఎదురుచూడకుండా కొత్త వెర్షన్‌తో ఒక యంత్రాన్ని రెండో డొమైన్ కంట్రోలర్‌గా చేర్చి, బాధ్యతలను దానికి బదిలీ చేసి, ఆ తరువాత పాతదాని స్థానంలో కూడా కొత్తది పెట్టండి. ఈ ఒక్క పని వల్ల వచ్చే స్థిరత్వం మీరు అడిగిన పోలిక వల్ల రాదు.

ప్రశ్న: మా సీనియర్ తన లినక్స్ సర్వర్ 900 రోజులుగా ఒక్కసారి కూడా రీబూట్ కాలేదని వచ్చిన ప్రతివారికీ చూపిస్తారు. ఇది నిజంగా స్థిరత్వానికి గుర్తేనా? ఆయన ముందు అడగలేక మీకు రాస్తున్నాను.
వేళచ్చేరి నుంచి ఒక జూనియర్ అడ్మినిస్ట్రేటర్

జవాబు: మీ సీనియర్‌గారిని నొప్పించకుండా చెప్పాలంటే, అది 900 రోజుల కిందటి కెర్నల్ అన్నదానికి మాత్రం కచ్చితమైన గుర్తు. ఆ మధ్యకాలంలో బయటపడిన లోపాలకు వచ్చిన సవరణలు డిస్క్ మీదకు చేరి ఉండవచ్చు గానీ నడుస్తున్న కెర్నల్‌లోకి చేరలేదు. నడుస్తున్న కెర్నల్‌ను ఆపకుండానే సవరించే లైవ్‌ప్యాచ్ పద్ధతి 2015లో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి ప్రధాన లినక్స్‌లో భాగమైంది, అయితే అది ముఖ్యమైన భద్రతా లోపాలకే గాని అన్ని మార్పులకూ పనికివచ్చేది కాదు. లైబ్రరీల సంగతీ అంతే. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ అయిన ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను తాజా చేసినా, దాన్ని ముందే తెరిచి పెట్టుకున్న ప్రోగ్రాములు తిరిగి మొదలయ్యేదాకా పాత కోడ్‌నే వాడుతుంటాయి. డెబియన్ కుటుంబంలో నీడ్‌రీస్టార్ట్, రెడ్ హ్యాట్ కుటుంబంలో నీడ్స్‌రీస్టార్టింగ్ అనే సాధనాలు వాటి జాబితా చెబుతాయి. మీ సీనియర్ సర్వర్‌లో ఒకసారి నడిపి చూడండి, ఆ జాబితా పొడవే మీ ప్రశ్నకు సగం జవాబు.

ఎక్కువ రోజులు నడవడం వల్లనే బయటపడే లోపాలు కూడా ఉంటాయి. పాత 32 బిట్ల లినక్స్‌లో సెకనుకు వంద టిక్కుల చొప్పున నడిచే లెక్క 497 రోజులకు సున్నాకు వచ్చేది. రెడ్ హ్యాట్ 6 వాడిన 2.6.32 వరుస కెర్నల్‌లో దాదాపు 208 రోజులకు గడియారపు లెక్క పొంగిపోయి యంత్రం కూలిపోయే లోపం ఉండేది. నెలకోసారి రీబూట్ చేసే అలవాటున్నవారు ఆ రెండింటి పేరు కూడా వినకుండానే గట్టెక్కారు.

ఇది నేను పుస్తకాల్లో చదివి చెబుతున్న నీతి కాదు. 2016 డిసెంబర్ 12న వర్దా తుఫాను చెన్నైని తాకినప్పుడు గిండీ దగ్గర ఒక కార్యాలయంలో నా చేతికింద ఒక సర్వర్ ఉండేది. దాదాపు మూడేళ్ళుగా ఆగలేదు. ఆ అంకెను నేను కూడా నలుగురికి చూపించినవాణ్ణే. తుఫాను మరునాటికి జనరేటర్‌లో డీజిల్ అయిపోయింది, దాన్ని ఆపక తప్పలేదు. కరెంటు వచ్చాక మళ్ళీ మొదలుపెడితే సగం దారిలో ఆగి అత్యవసర ప్రాంప్ట్ దగ్గర కూర్చుంది. రెండేళ్ళ కిందట నేనే ఒక డిస్క్ విభాగాన్ని తీసేసి, బూట్ సమయంలో చదివే మౌంట్ పట్టికలో దాని వరుసను అలాగే వదిలేశాను. ఆ వరుస తీసేశాక యంత్రం లేచింది గానీ నెట్‌వర్క్ రాలేదు, ఎందుకంటే ఒక రూటింగ్ మార్గాన్ని ఎప్పుడో చేత్తో టైపు చేసి ఫైలులో భద్రపరచడం మరిచాను. మూడేళ్ళలో చేసిన పొరపాట్లన్నీ ఒకే రోజు, అదీ ఊళ్ళో చెట్లు కూలి ఫోన్లు పనిచేయని రోజు, వరుసగా లెక్క అడిగాయి. అప్పటి నుంచి ఏ మార్పు చేసినా ఆ వారంలోనే ఒకసారి రీబూట్ చేసి చూడడం నా నియమం. చేసిన పని గుర్తున్నప్పుడే తప్పు బయటపడితే సరిదిద్దడానికి ఐదు నిమిషాలు చాలు.

ప్రశ్న: మా సర్వర్లలో డెబియన్ 12 ఉంది. ఆడిటర్ నడిపిన స్కానర్, దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.2 పాతదని, 9.8కు మారాలని ఎర్ర గుర్తు పెట్టింది. డెబియన్ ప్యాకేజీల నిల్వ అయిన రిపోజిటరీలో కొత్త వెర్షన్ లేదు. స్థిరత్వం పేరుతో డెబియన్‌వారు మాకు పాత చింతకాయ పచ్చడి వడ్డిస్తున్నారని మా మేనేజరు కోపంగా ఉన్నారు. ఏం చేయాలి?
తాంబరం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: చింతకాయ పచ్చడికి పాతబడ్డాకే రుచి వస్తుందని మీ మేనేజరుగారికి గుర్తుచేయండి. మీ స్కానర్ చూసింది 9.2 అన్న అంకెను మాత్రమే, ఆ అంకె చివర ఉన్న తోకను అది చూడలేదు.

డెబియన్, రెడ్ హ్యాట్ వంటివి ఒక విడుదల మొదలైనప్పుడు ఎంచుకున్న వెర్షన్‌నే చివరిదాకా ఉంచుతాయి. తరువాత ఏదైనా భద్రతా లోపం బయటపడితే, కొత్త వెర్షన్ నుంచి ఆ లోపాన్ని పూడ్చే నాలుగు వరుసలను మాత్రం తీసి పాత వెర్షన్‌కు అతుకుతాయి. దీన్నే బ్యాక్‌పోర్ట్ చేయడం అంటారు. 2024 జులై 1న వెల్లడైన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ లోపాన్నే తీసుకోండి. అసలు ప్రాజెక్టు దాన్ని 9.8లో సరిచేసింది, డెబియన్ 12 అదే సవరణను తన 9.2కు అతికి, ప్యాకేజీ చివర "డెబ్12యూ3" అన్న తోకతో విడుదల చేసింది. మీ యంత్రంలో ప్యాకేజీ పూర్తి వెర్షన్ చూసి, తోకలో ఆ అంకె 3 గాని అంతకు మించి గాని ఉంటే, డెబియన్ భద్రతా ప్రకటనతో కలిపి ఆడిటర్‌కు పంపండి. చాలామంది ఆడిటర్లు ఒప్పుకుంటారు. ఒప్పుకోనివారి కోసం మూలకోడ్ నుంచి 9.8ను స్వయంగా కట్టుకుని పెట్టవద్దు. ఆ క్షణం నుంచి దాని ప్రతి ప్యాచ్‌కూ మీరే బాధ్యులు.

పాతది మంచిదనడానికి 2024 మార్చి 29 మరో ఉదాహరణ. ఆ రోజు ఆండ్రెస్ ఫ్రూండ్ అనే ఇంజనీరు, ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఆలస్యం ఎందుకు అవుతోందని ఆరా తీస్తూ పోయి, ఎక్స్‌జెడ్ అనే కుదింపు సాధనంలో 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలని దాచిన దొంగదారిని కనిపెట్టారు. ఆయన మైక్రోసాఫ్ట్ ఉద్యోగి అన్నది లినక్స్ అభిమానులు సంతోషంగా ఒప్పుకోవలసిన విషయం. కొత్తదనం కోసం ముందుకు పరుగెత్తే డెబియన్ అన్‌స్టేబుల్, టెస్టింగ్ శాఖల్లోకి, ఫెడోరా రాహైడ్‌లోకి ఆ వెర్షన్లు అప్పటికే చేరిపోయాయి. డెబియన్ స్టేబుల్‌లోకి, రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్‌లోకి చేరలేదు.

అలాగని అతుకులు వేసేవారి చేతులు ఎప్పుడూ తడబడవని కాదు. 2006లో డెబియన్‌వారే తమ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీలో చేసిన ఒక చిన్న మార్పు వల్ల యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే భాగం దాదాపు చచ్చుబడి, తయారైన ఎన్‌క్రిప్షన్ తాళంచెవులన్నీ కొన్ని వేల రకాలకే పరిమితమయ్యాయి. 2008 మే నెలలో గాని అది బయటపడలేదు, అప్పుడు ఎన్నో సర్వర్ల తాళంచెవులు కొత్తగా చేయవలసివచ్చింది.

ప్రశ్న: విండోస్ సర్వర్లను ప్రతి నెలా రీబూట్ చేయవలసి వస్తోంది. లినక్స్‌తో పోలిస్తే ఇది అస్థిరం కాదా? పైగా ఒక సర్వర్ అప్పుడప్పుడు రాత్రిపూట తనంతట తానే రీబూట్ అవుతోంది.
పెరంబూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముందే తేదీ చెప్పి వచ్చే రీబూట్‌ను నేను అస్థిరత్వం కింద లెక్కవేయను. 2003 అక్టోబర్ నుంచి మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌లను నెలలో రెండో మంగళవారం విడుదల చేస్తోంది. మనకు అది మంగళవారం రాత్రి బాగా పొద్దుపోయాక. అంటే ఏడాది మొత్తానికి పని ప్రణాళిక జనవరిలోనే గీసుకోవచ్చు. లినక్స్ కెర్నల్ సవరణలకు అలాంటి పంచాంగం లేదు. విండోస్ సర్వర్ 2025లో రీబూట్ అవసరం లేని హాట్‌ప్యాచ్ సదుపాయం చందా మీద దొరుకుతుంది గానీ, దానిలో కూడా మూడు నెలలకోసారి రీబూట్ తప్పదు.

విండోస్‌తో నాకున్న ఫిర్యాదు రీబూట్ గురించి కాదు, ప్యాచ్‌ల నాణ్యత గురించి. 2022 జనవరి 11 నాటి ప్యాచ్‌లు డొమైన్ కంట్రోలర్లను మళ్ళీ మళ్ళీ రీబూట్ అయ్యే సుడిలో పడేశాయి, కొన్నిచోట్ల వర్చువల్ యంత్రాలను నడిపే హైపర్-వీ మొదలే కాలేదు. ఆరు రోజులకు ప్రత్యేక సవరణ వచ్చింది. 2024 మార్చి ప్యాచ్‌లతో లాగిన్లను ధ్రువీకరించే ప్రక్రియ మెమరీని కొద్దికొద్దిగా తింటూ చివరికి డొమైన్ కంట్రోలర్‌ను పడగొట్టింది, దానికి సవరణ మార్చి 22న వచ్చింది. అందుకే వచ్చిన రాత్రే అన్నింటికీ ప్యాచ్ వేయకండి. మొదట ఒక అప్రధానమైన సర్వర్‌కు, రెండు మూడు రోజులు చూసి మిగతావాటికి, చివరగా డొమైన్ కంట్రోలర్లకు, అవి కూడా రెండింటికీ ఒకే రాత్రి కాకుండా వేయండి. గ్రాఫిక్ తెర అవసరం లేని పనులకు సర్వర్ కోర్ వాడితే ప్యాచ్ వేయవలసిన భాగాలే తగ్గుతాయి.

రాత్రిపూట తనంతట తానే అవుతోందన్న రీబూట్ మాత్రం వేరే కథ. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరవండి. ఆ సమయానికి 1074 అన్న సంఖ్య కనిపిస్తే ఏదో ఒక ప్రోగ్రామో మనిషో అడిగి రీబూట్ చేయించినట్టు, ఎవరన్నది అక్కడే రాసి ఉంటుంది. 41 గాని 6008 గాని ఉంటే యంత్రం చెప్పాపెట్టకుండా ఆగిపోయిందని అర్థం, అప్పుడు నీలి తెర డంప్ ఫైలు ఉందేమో చూడాలి. డంప్ కూడా లేకపోతే విండోస్‌ను వదిలేసి యూపీఎస్ బ్యాటరీలను, పవర్ సప్లైని అనుమానించండి.

ప్రశ్న: ఆర్చ్ లినక్స్ వంటి నిరంతరం మారే సిస్టమ్‌ను సర్వర్‌లో వాడవచ్చా?
సిరుసేరి నుంచి ఒక పాఠకుడు

జవాబు: మీకు స్వంతంగా పరీక్షలు జరిపే బృందం ఉంటే వాడవచ్చు. ప్రపంచానికి వీడియోలు అందించే నెట్‌ఫ్లిక్స్ సర్వర్లు ఫ్రీబీఎస్‌డీ విడుదలల మీద కాక, ఇంకా రూపుదిద్దుకుంటున్న దాని అభివృద్ధి శాఖ మీద నడుస్తాయి. లోపాలను ఎంత తొందరగా పట్టుకుంటే సవరించడం అంత తేలికన్నది వారి లెక్క, సవరించగల కెర్నల్ ఇంజనీర్లు వారి జీతగాళ్ళు. ఒక్కరే అడ్మినిస్ట్రేటర్ ఉన్నచోట మాత్రం వద్దు.

ప్రశ్న: సౌకార్‌పేటలో మాకు బట్టల హోల్‌సేల్ వ్యాపారం ఉంది. బిల్లింగ్ సర్వర్‌లో ఉబుంటు 22.04 ఉంది. ఏడాదంతా బాగానే నడుస్తుంది, మే నెలలో మధ్యాహ్నం మూడు నాలుగు గంటల వేళ బిగుసుకుపోతుంది. ఉబుంటు తీసేసి విండోస్ సర్వర్ లైసెన్సు కొనమని మా సర్వీసు కుర్రాడు చెబుతున్నాడు. కొనమంటారా?
సౌకార్‌పేట నుంచి ఒక వ్యాపారి

జవాబు: కొనవద్దు. చెన్నైలో అగ్ని నక్షత్రం అనే, మన పెద్దలు కర్తరి అనే రోజుల్లోనే, అదీ ఎండ ముదిరిన వేళకే వచ్చే జబ్బు సాఫ్ట్‌వేర్‌ది కాదు. విండోస్ పెట్టినా అదే గదిలో, అదే వేడిలో, అదే వేళకు బిగుసుకుంటుంది.

బట్టల కొట్టులో గాలిలో తేలే నూలు పోగులు ఫ్యాన్లలో, హీట్‌సింక్ రెక్కల మధ్య దూదిలా పేరుకుంటాయి. ముందు యంత్రం ఆపి, మూత తీసి, బ్లోయర్‌తో శుభ్రం చేయించండి, ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంటే మార్పించండి. తరువాత సర్వీసు కుర్రాడిని సెన్సర్స్ అనే ఆదేశంతో ఉష్ణోగ్రతలను ఐదు నిమిషాలకోసారి ఒక ఫైలులో నమోదయ్యేలా అమర్చమనండి. ఈసారి బిగుసుకున్నప్పుడు ఆ ఫైలులో చివరి వరుసలు చూస్తే తెలుస్తుంది. కెర్నల్ లాగ్‌లో మెషిన్ చెక్ లేదా మెమరీ దోషాల మాటలు ఉన్నాయేమో కూడా చూడమనండి.

అవి ఉంటే ఒక శనివారం రాత్రి కొట్టు మూశాక ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ పెట్టి ఆదివారం దాకా వదిలేయండి. తెర మీద ఎర్ర వరుసలు వస్తే ర్యామ్ పలకలను ఒక్కొక్కటిగా తీసి పరీక్షించి, చెడ్డదాన్ని మాత్రం మార్చండి. సర్వర్ తరగతి బోర్డయితే చిన్న దోషాలను తానే సరిదిద్దుకునే ఈసీసీ ర్యామ్ కొనండి. యూపీఎస్ ఆ గదిలోనే ఉంటే దాన్ని సర్వర్‌కు దూరంగా జరపండి, బ్యాటరీలకు కూడా వేడి పడదు. కుదిరితే బిల్లింగ్ గదిలోని ఏసీని మధ్యాహ్నం భోజనానికి వెళ్ళేటప్పుడు ఆపకుండా ఉంచండి. మూడింటికి బిగుసుకుంటోందంటే ఒంటిగంటకు అక్కడ ఏం జరుగుతోందో ఒకసారి కనుక్కోండి.